రెండో వైపు ప్రశ్నలు

పోయినవారం మారిన్ కోలార్‌ని తలుపు వెనకాల, గొళ్ళెం మీద చెయ్యేసి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. తియ్యాలో వద్దో తేలక అలాగే నిలబడ్డాడు. బయట హామిల్టన్ ఊరు మొత్తం గడ్డకట్టే వానలో తడుస్తోంది. చినుకు పడ్డచోటే గాజైపోతోంది. బస్సులు పొద్దున్నే ఆపేశారు. "ఇవాళ రాలేనండీ" అని అతను క్లినిక్‌కి ఫోన్ చేస్తే, "నువ్వు రాకపోతే నేనే వస్తా నాయనా, నీ సరుకు మాకు ఊరికే దొరకదు" అని నర్సు బెర్నడెట్ నీలం ఐసుపెట్టె వెనక సీట్లో పడేసుకుని బయల్దేరింది.

ఆ సరుకేమిటో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యలో చేరినవాళ్ళు ముక్కు మూసుకోకుండా వినాలి. మారిన్ మలం దానం చేస్తాడు. మంగళవారం, గురువారం, పొద్దున్నే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మొదట్లో అతనూ నవ్వాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లో కాపురముండే మంచి బ్యాక్టీరియాని తీసి, శుభ్రం చేసి, గుళికల్లో నింపి, ఏ మందుకీ లొంగని దిగులుజబ్బు వాళ్ళకి ఇచ్చి చూస్తున్నారు ఆ క్లినిక్‌లో. పనిచేస్తుందని ఎవరూ ఒట్టు పెట్టడం లేదు. చేస్తుందేమోనని చూస్తున్నారు, అంతే. అయితే దాత కావాలంటే కడుపు ఒక్కటీ బాగుంటే చాలదు, మనసూ బాగుండాలి. దిగులు ఆ మనిషి గడప తొక్కి ఉండకూడదు. మారిన్ అక్కడ చెప్పిన అబద్ధం అదే. భార్య లియాన్ ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఏడాది దాటింది. అయినా మొన్న మంగళవారం కూడా, "లియాన్ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది" అని క్లినిక్‌లో చెప్పి, ఆవిడ చేసిందంటూ మఫిన్ల డబ్బా ఇచ్చి వచ్చాడు.

ఎందుకు చెప్పాడంటే, ఆ గదిలో అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. రాకపోతే ఫోన్ చేస్తారు. అతను పనిచేసే, మంచుమీద ఆటలాడే ఐస్ రింక్‌లో ఆట ఆటకీ మధ్య పెద్ద బండి తోలుకుంటూ మంచు నునుపు చేస్తాడు. పిల్లలందరూ అద్దాలకి ముక్కులు ఆనించి బండినే చూస్తారు తప్ప తోలేవాడి మొహం ఒక్కరూ చూడరు. అతను ఎదురుచూసే రోజులు వారంలో రెండే, ఎదురుచూడదగ్గ మనిషి బెర్నడెట్ ఒక్కతే. ఇప్పుడామె అతని మెట్లెక్కుతోంది. ఈ ఇంట్లోకి మాత్రం ఆమె రాకూడదు. అడిగినవాటికి గుమ్మంలోనే జవాబు చెప్పి, సరుకున్న డబ్బాని తలుపు సందులోంచి అందించి, "జాగ్రత్తండీ" అనేసి తలుపేసుకోవాలనేది అతని పథకం.

బయట దబ్బుమని చప్పుడైంది.

మంచుమీద మనిషి పడితే ఎలా వినిపిస్తుందో మారిన్‌కి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. పథకం సంగతి మర్చిపోయి తలుపు తీశాడు. మెట్లకింద బెర్నడెట్ వెల్లకిలా పడి ఉంది. ఐసుపెట్టెని మాత్రం పసిపిల్లని పట్టుకున్నట్టు గుండెలకి హత్తుకుని ఉంది.

"కదలకండి. ఎక్కడ తగిలింది?"

"తగలాల్సిన చోటే తగిలింది. అక్కడ కండ ఎక్కువ, భయంలేదు." ఆమె పడ్డచోటునుంచే మెట్లవైపు చూసింది. "ఊళ్ళో ఐసంతా నీ చేతిమీద నడుస్తుంది కదా నాయనా. నీ మెట్లమీద గుప్పెడు ఉప్పు చల్లుకోలేకపోయావా?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టుంది అతని వ్యవహారం. ఐసు కరిగించే ఉప్పుబస్తా మెట్ల పక్కనే ఉంది. ఈ చలికాలం మొత్తం దాని మూతి విప్పలేదు. ఎవరూ ఎక్కని మెట్లకి ఉప్పెందుకని విప్పలేదు. ఆ మాట ఆమెతో అనలేక, చంకలో చెయ్యేసి లేపాడు. ఒక కాలు కింద పెట్టగానే ఆమె పళ్ళు బిగపట్టింది. ఇంక తలుపు సందులోంచి అందించడాలు ఏముంటాయి? లోపలికి తీసుకొచ్చి వంటింటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

బెర్నడెట్‌ది దేశానికి తూర్పు కొసనున్న దీవి, న్యూఫౌండ్‌లాండ్. అక్కడివాళ్ళకి కనపడ్డ ప్రతి మగాడూ నాయనే, ప్రతి ఆడదీ తల్లే. అరవైకి దగ్గరపడింది, మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఈ క్లినిక్‌కి రాకముందు మానసిక వైద్యశాలలో వార్డు నర్సుగా జుట్టు నెరిసేదాకా చేసింది. ఆ సంగతి మారిన్‌కి తెలుసు, అందుకే ఇప్పుడు భయపడుతున్నాడు.

"కోటు విప్పమంటావా?"

"ఉండనివ్వండి. ఇల్లు కాస్త చల్లగా ఉంటుంది."

"కాస్తా? మీ రింకే నయం, అక్కడ పాప్‌కార్న్ మిషనన్నా వెచ్చగా ఉంటుంది. సరే, కెటిల్ పెట్టు. మడమ మాట తర్వాత, టీ లేకపోతే నాకు నోరు లేవదు."

అతను కెటిల్ పెట్టాడు. సింకు పక్కన ఒక కప్పు, ఒక పళ్ళెం, ఒక ఫోర్కు తుడిచి బోర్లించి ఉన్నాయి. ఆ కప్పు ఆమెకిచ్చాడు. తనకోసం ఇంకో కప్పు కావలసివచ్చి పై అరలో వెతికాడు. దొరికినదాన్ని దుమ్ము పోయేదాకా రెండుసార్లు కడిగాడు. ఆమె చూస్తోందని వీపుకి తెలుస్తోంది.

ఇల్లు మురికిగా ఏం లేదు. అలా ఉన్నా ఒక రకంగా ఉండేది. తుడిచి, సర్ది, ఎవరూ వాడనట్టు ఉంది. ముందుగదిలో సోఫామీద రింక్ వాళ్ళిచ్చిన మందపాటి కోటు పరిచి ఉంది, ఒక చివర దిండు. పైకెళ్ళే మెట్లమీద, మూడో మెట్టునుంచీ ఎవరూ అడుగు పెట్టనట్టు సన్నగా దుమ్ము.

"లియాన్ లేదా? పైన పడుకుందా?" అడిగింది బెర్నడెట్. "మన గోలకి తిట్టుకుంటుందేమో."

"పనికెళ్ళింది."

"బస్సుల్లేవుగా."

"నడిచి వెళ్ళింది."

"ఈ వానలో. ఓహో." ఆమె టీ ఊదుకుంటూ తాగింది. కళ్ళు మాత్రం అతన్ని దాటి ముందుగదిలోకి వెళ్ళాయి. "చెట్టు ఇంకా తియ్యలేదేం నాయనా? మార్చి వచ్చింది. క్రిస్మస్ తాతకి కూడా ఇల్లు గుర్తొచ్చి వెళ్ళిపోయాడు."

"తీస్తాను. తీరిక దొరకలేదు."

కుంటుకుంటూ లేచి ఆమె చెట్టు దగ్గరికి వెళ్ళింది. అతనూ వెనకే వెళ్ళాడు. ఎర్ర గాజుబంతులు, వెండి దారాలు, పైన నక్షత్రం, అన్నీ ఉన్నాయి. ఆకన్నది మాత్రం లేదు. ఆమె ఒక కొమ్మని వేలితో తాకితే ఫట్‌మని విరిగింది. ఈ డిసెంబర్లో కొట్టుకొచ్చిన చెట్టు మార్చికి రంగు మారుతుంది, ఆకు రాలుస్తుంది. ఇలా ఎముకల గూడు కావడానికి ఇంకా చాలా కాలం పట్టాలి. చెట్లున్న ఊళ్ళో పుట్టిన మనిషికి అది చెప్పాల్సిన పనిలేదు.

"ఇది ఈ ఏడాది చెట్టు కాదు," అంది.

మారిన్ వంగి ఆ విరిగిన కొమ్మ ఏరుకున్నాడు.

"లియాన్ పనికెళ్ళలేదు."

"వెళ్ళింది," అన్నాడు. కొమ్మని తుంచుతూ, "సడ్‌బరీ వెళ్ళింది. అక్కడే పని. అక్కడే ఇల్లు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ చెట్టు పెట్టిన ఏడాది. పండగైన వారానికి."

బెర్నడెట్ తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మరి ఆ మఫిన్లు?"

"నేనే."

"అనుకున్నా. అంత ఉప్పు ఆడమనిషి చేతిలోంచి రాదు. పాపం లియాన్ చెయ్యి అంతేనేమోనని క్లినిక్‌లో అందరం సర్దుకుపోయి తిన్నాం." ఆమె నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. నవ్వు వచ్చినంత వేగంగానే పోయింది.

ఇవాళ మామూలు రోజు కాదని చదువరులకి గుర్తు చెయ్యాలి. దాత సరుకుతో చేసిన గుళికలు ఎప్పటికప్పుడు పంచేయరు. చలికాలానికి ముందు ఇచ్చినవి ఒక విడత అప్పుడే రోగులకి చేరాయి; చలికాలం పొడుగునా మారిన్ ఇచ్చినదంతా గుళికలై ఫ్రీజర్‌లో తాళం కింద ఉంది. చివర్లో దాతని మళ్ళీ ఒకసారి పరీక్ష చేస్తారు, మళ్ళీ అన్నీ అడుగుతారు. కొత్తగా ఏ జబ్బూ లేదని తేలితేనే తాళం తీస్తారు. రక్తం పోయినవారమే తీశారు, అంతా సవ్యంగా ఉంది. మిగిలినవి ప్రశ్నలే. అవి అడగడానికే ఆమె వచ్చింది. డబ్బా మీదుమిక్కిలి.

"అడిగేయండి," అన్నాడు మారిన్. "మీకు ఆలస్యమవుతుంది."

ఆమె అడిగింది. ప్రతి మంగళవారం, గురువారం అడిగేవే, ఇద్దరికీ నోటికొచ్చినవే. విరేచనాలున్నాయా? లేవు. యాంటీబయాటిక్స్ వాడావా? లేదు. దేశం దాటి వెళ్ళావా? ఊరే దాటలేదు. పచ్చబొట్టు పొడిపించుకున్నావా?

"ఎవరు చూస్తారని పొడిపించుకోను?"

"కొత్తగా ఎవరితోనన్నా పడుకున్నావా?"

"ఆ సోఫాతో."

మామూలుగా ఆ జవాబులకి ఆమె పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వలేదు. "మనసెలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది."

ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో అంత తేలికగానే వచ్చేసింది. టీ చల్లారిపోతోంది. కిటికీ మీద మంచు కట్టి బయటి వీధి కనపడకుండా పోయింది.

"సరే. ఈ వైపు ప్రశ్నలు అయిపోయాయి," అంది బెర్నడెట్. "ఇప్పుడు రెండో వైపువి అడుగుతా."

"రెండో వైపేమిటి?"

"నీ గుళికలు మింగేవాళ్ళని అడిగేవి."

"అవి వాళ్ళవి. నేనటు కాదు."

"నేనటూ అడుగుతా, ఇటూ అడుగుతా. నాకు అన్నీ ఒకటే. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"బెర్నీ, వద్దు."

"పడుతోందా?"

"పడుతుంది." మళ్ళీ తనే, "తెల్లారుజామున పడుతుంది" అన్నాడు.

"తినబుద్ధవుతుందా?"

"బ్రహ్మాండంగా తింటున్నా. మీరు చెప్పిన ప్రకారమే. ఓట్స్, చిక్కుడుగింజలు, మా అమ్మ పద్ధతిలో గ్యారేజీలో పీపా వేసి పులియబెట్టిన క్యాబేజీ. ఒక్క పూట మానలేదు."

"తింటున్నావా అని అడగలేదు. తినబుద్ధవుతుందా అని."

అతను టేబుల్ అంచు చూస్తూ కూర్చున్నాడు. "నాకోసమైతే పొయ్యి కూడా వెలిగించను" అన్నాడు. "వాళ్ళకోసం తింటా. నేను తిన్నదే వాళ్ళకి పోతుంది కదా. ఎవరో తెలీదు, ఎలా ఉంటారో తెలీదు. ఎవరికో వండిపెడుతున్నట్టుంటుంది. అందుకని తింటా."

ఇరవై ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి, ఆగకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

"ఇష్టమైన పనుల్లో ఇష్టం ఉంటోందా?"

"మఫిన్లు చేస్తాగా."

"నీ తప్పు లేకపోయినా తప్పంతా నీదే అనిపిస్తోందా?"

"అనిపించడమేంటి, నాదే." ఇప్పుడు గొంతు లేచింది. "లియాన్ నామీద అరిచి వెళ్ళలేదు. నన్ను కొట్టి వెళ్ళలేదు. 'ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నట్టుంది మారిన్, నిజంగానే ఒక్కదాన్ని ఉంటే ఈ బాధన్నా ఉండదు' అని చెప్పి వెళ్ళింది. నేనేం మాట్లాడేవాణ్ణి కాదు. పనినుంచి వచ్చి గోడకేసి చూసేవాణ్ణి. అడిగితే బాగున్నా అనేవాణ్ణి. ఆవిడా మీలాగే అడిగేది."

"అంటే లియాన్ వెళ్ళింది కాబట్టి దిగులు పట్టలేదు. దిగులు పట్టింది కాబట్టి లియాన్ వెళ్ళింది."

ఇన్నాళ్ళుగా అతను తనకి తాను కూడా చెప్పుకోని మాట అది. ఇంకొకరి నోట వింటే ఎంత చిన్న వాక్యం. తల ఊపాడు.

"దానం మొదలుపెట్టకముందు నుంచీ ఉందన్నమాట."

మళ్ళీ తల ఊపాడు. అప్పుడు తట్టింది అతనికి అసలు విషయం. ఇప్పటిదాకా తట్టలేదంటే నమ్మాలి, మనిషి తన గోతిలో తనుంటే గట్టుమీద ఎవరున్నారో చూడడు.

"బెర్నీ. నాదగ్గరున్నది వాళ్ళకి అంటుతుందా?"

"ఏమో."

"ఏమో ఏంటి? మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు, అందుకే ఈ ప్రయోగం. దిగులుగా ఉన్న మనుషుల సరుకు ఎలుకలకి పెడితే ఎలుకలూ దిగాలుపడ్డాయని చేసి చూసినవాళ్ళున్నారు. మనుషుల సంగతి తెలీదు. షాపుల్లో మంచి బ్యాక్టీరియా పొట్లాలు అమ్ముతారు చూడు, అవి ఏ రెండు మూడు రకాలో వేసి ఇస్తారు. కొందరికి కాస్త తేలికవుతుంది, కొందరికి ఏమీ అవ్వదు. నీదలా కాదు, ఊరికి ఊరిని పంపించినట్టు. ఆ ఊళ్ళో మంచివాళ్ళతోపాటు ఇంకెవరు బండెక్కారో ఎవరు చెప్పగలరు? అందుకే నిన్ను అన్నిసార్లు అడిగేది."

"పోయిన విడతలో నావి మింగినవాళ్ళు ఎలా ఉన్నారు?"

"చెప్పకూడదు."

"చెప్పకూడదా, తెలీదా?"

"నాయనా," అంది ఆమె.

ఆమె కోటు జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, అతని మొహం చూసింది. "డాక్టర్ గాన్యోన్" అంది. ఆ ప్రయోగం మొత్తం నడిపేది ఆవిడే. బెర్నడెట్ ఫోన్‌ని టేబుల్ మీద, ఇద్దరికీ మధ్య పెట్టి, మాట ఇద్దరికీ వినపడేలా చేసింది.

"బెర్నీ, చేరారా? రోడ్లెలా ఉన్నాయి?"

"చేరాను. రోడ్లు అద్దంలా ఉన్నాయి, మొహం చూసుకోవచ్చు. పడి చూసుకున్నా కూడా."

"దెబ్బలేం తగల్లేదుగా? వినండి, కాస్త తొందరలో ఉన్నా. బ్రాంట్‌ఫర్డ్ నుంచి ఆవిడ వచ్చేసింది. ఈ వానలో వాళ్ళ తమ్ముడు తోలుకొచ్చాడట. మొదటి విడత అయిపోయిన దగ్గర్నుంచీ మళ్ళీ కిందికి జారుతోంది. నెలంతా బాగా ఉన్న మనిషి, మొన్నటినుంచి మంచం దిగడం లేదు. రెండో విడత ఇవాళే మొదలుపెడదామన్నా. ఆవిడకి పడినవి మారిన్ గుళికలే, వేరే దాతవి కొత్తగా మొదలుపెట్టడం నాకిష్టం లేదు. తనిఖీ అయిపోయిందా? తాళం తియ్యమని చెప్పనా?"

అడిగినదానికి జవాబు ఇంత సులువుగా, ఇంత అనుకోకుండా వచ్చేసింది. నెలంతా బాగా ఉందట. మారిన్ ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నాడు. తను పడుకోని రాత్రుల్లో ఎక్కడో ఒక మనిషి పడుకుంది. తనకి తినబుద్ధికాని చిక్కుడుగింజలు ఎక్కడో ఒక మనిషిని మంచం మీంచి లేపాయి. అతనికి సంతోషం వేసింది. ఎంతకాలానికో వేసింది. దాని వెనకాలే, నిలువనీయకుండా, రెండో సగం వచ్చింది. ఇప్పుడెందుకు జారుతోంది మరి? మందు అయిపోయి జారుతోందా, మందులో ఉన్నది ఇప్పుడు పనిచెయ్యడం మొదలుపెట్టి జారుతోందా?

ఫోన్లో తలుపు తీసిన చప్పుడైంది, డాక్టర్ వెనకనుంచి ఇంకో గొంతు వినపడింది. ఆడమనిషిది, అలిసిపోయిన గొంతు. "ఇంకా ఎంతసేపు పడుతుంది డాక్టర్? లేదంటే మా తమ్ముణ్ణి కాఫీ తెచ్చుకోమంటా, పాపం పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

దాత గొంతు రోగి వినకూడదు, రోగి గొంతు దాత వినకూడదు. మొహాలు, పేర్లు, ఊళ్ళు, ఏవీ తెలియకూడదు. ఆ క్లినిక్‌లో దేవుడి ఆజ్ఞలాంటిది ఆ నియమం. డాక్టర్‌కి తెలీదు పాపం, ఫోన్ టేబుల్ మీద ఉందని. బెర్నడెట్ చెయ్యి చాచింది గానీ అప్పటికే ఆ గొంతు మారిన్ చెవిన పడిపోయింది. మంచం దిగలేని మనిషి, తమ్ముడు తినలేదని బాధపడుతోంది.

"బెర్నీ? ఉన్నారా? తాళం తియ్యమని చెప్పనా?"

బెర్నడెట్ మారిన్ వైపు చూస్తోంది. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను అన్న చూపు కాదది. అలా చూసినా అతనికి సులువయ్యేది. నీ నోటితో నువ్వే చెప్పాలన్న చూపు. "బాగున్నా" అంటే చాలు. రెండు అక్షరాలో మూడో. ఇన్నాళ్ళు అన్నదే. అంటే ఆవిడకి గుళికలు దొరుకుతాయి. వచ్చే మంగళవారం బస్సులు తిరుగుతాయి. దాత గదిలో హీటర్ పక్క కుర్చీ ఉంటుంది. "ఏం నాయనా, ఎలా ఉన్నావు?" అని అడిగే మనిషి ఉంటుంది.

"డాక్టర్ గారూ," అన్నాడు మారిన్. "నేను మారిన్‌ని. తియ్యకండి."

"మారిన్? ఏమైంది? కడుపేమన్నా పాడైందా?"

"కడుపు బంగారంలా ఉంది. నేనే బాగాలేను. చాలాకాలం నుంచి బాగాలేను. మీ దగ్గర చేరకముందు నుంచీ. అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పాను. ఆవిడకి నావి ఇవ్వకండి. ఏమవుతుందో మీకూ తెలీదుగా."

అవతల డాక్టర్ లేచింది. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. డాక్టర్ మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడింది. కోపం ఉంది, దాన్ని మింగేస్తోందని తెలుస్తోంది. చలికాలం మొత్తం చేసిన పని ఒక్క మాటతో చెత్తబుట్టలోకి పోతే ఎవరికి రాదు?

"సరే. నీ గుళికల పెట్టె పక్కన పెట్టించేస్తాను. ఉన్నవన్నీ. మొదటి విడతలో నీవి తీసుకున్న వాళ్ళందర్నీ పిలిపించి చూడాలి." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఇప్పటికైనా చెప్పావు. చెప్పకపోతే ఇంకా ఘోరంగా ఉండేది."

"ఆవిడకేం చెప్తారు?"

"దాత తనిఖీలో ఆగిపోయాడని చెప్తాను. ఎందుకో చెప్పను. వేరే దారి చూస్తానంటాను. చూస్తాను కూడా."

"తమ్ముణ్ణి కాఫీ తెచ్చుకోమనండి."

డాక్టర్‌కి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఆ సంగతి ఎత్తలేదు. "ఇంక నువ్వు మంగళవారం రానక్కర్లేదు మారిన్. గురువారాలు కూడా. బెర్నీ, మీరు జాగ్రత్తగా రండి" అని ఫోన్ పెట్టేసింది.

అయిపోయింది. అనుకున్నదానికన్నా చాలా తక్కువ సేపట్లో అయిపోయింది. మారిన్ లేచి, వంటింటి గట్టుమీద సిద్ధంగా పెట్టిన తెల్ల డబ్బా తీసుకుని స్నానాలగదికి వెళ్ళాడు. నీళ్ళు వదిలిన చప్పుడు వినపడింది. ఖాళీ డబ్బా కడిగి తెచ్చి, తుడిచి, ఆమె ముందు పెట్టాడు. మళ్ళీ పనికొస్తుంది కదా, ఇంకెవరికన్నా.

"మడమ ఎలా ఉంది? బయట ఉప్పు చల్లుతాను, నిమిషంలో కరుగుతుంది. కారుదాకా నేను పట్టుకుంటాను," అన్నాడు. వెళ్ళిపోవాల్సిన మనిషిని తొందరగా పంపేస్తే నొప్పి తక్కువుంటుందని అతని లెక్క. లియాన్‌కి కూడా పెట్టెలు అతనే కారుదాకా మోశాడు.

"ఉప్పు సంగతి తర్వాత. కూర్చో."

"మీకు ఆలస్యమవుతుంది."

"దేనికి? నా ఇవాళ్టి పని ఇప్పుడేగా పోగొట్టావు." బెర్నడెట్ ఐసుపెట్టెని కాలితో టేబుల్ కిందికి తోసేసింది. చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి కప్పు అతనివైపు జరిపింది. "ఇంకోటి పొయ్యి. రెండో వైపు ప్రశ్నల్లో ఒకటి మిగిలిపోయింది. ఫోన్ వచ్చింది, అడగలేదు."

"ఇంకెందుకు బెర్నీ? నేను దాతని కాదుగా."

"అందుకే."

అతను కూర్చున్నాడు. ఆమె వార్డు గొంతు తీసింది. పెద్దదీ కాదు, జాలిదీ కాదు, రొట్టె కావాలా అన్నం కావాలా అని అడిగినంత మామూలు గొంతు. అలా అడిగితేనే మనుషులు నిజం చెప్తారని ఆమెకి తెలుసు.

"పొద్దున లేచేసరికి, ఇంక బతకక్కర్లేదు అనిపించిన రోజులున్నాయా మారిన్?"

అతను ఆమె ఖాళీ కప్పుని రెండు చేతుల మధ్యకి తీసుకున్నాడు. ఇవాళే నిజం చెప్పడం నేర్చుకున్న మనిషి. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం కూడా కష్టంగానే ఉంది.

"రోజూ," అన్నాడు. "మంగళవారం, గురువారం తప్ప."